కోచ్ కావాలంటే పాస్‌పోర్టు మార్చుకో అబ్బోడా

పెద్దమండ్యం హైస్కూల్ మైదానంలో ఒక అబ్బోడికి కోరిక పుట్టిందనుకుందాం. ఫుట్‌బాల్ బాగా ఆడాల, పెద్ద క్లబ్బుకు పోవాల, కాళ్లలో సత్తువ అయిపోయినాక అదే క్లబ్బుకు మేనేజర్‌గా కూర్చోవాల. ఇదే కోరిక జిదాన్‌కు, గ్వార్డియోలాకు పుడితే వాళ్ల దేశాల్లో కెరీర్ అన్నారు. మన మండలంలో పుడితే ఏదో గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టిస్తారు. తాయెత్తు దాకా ఎందుకు? ఆ కోరికకు ఎక్కాల్సిన మెట్లు ఇక్కడే చెప్తాను. చదివితే రోగం దానంతట అదే కుదురుతుంది.

మొదటి మెట్టు, బంతి. స్కూల్లో బంతి లేదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. స్టాకు రిజిస్టరులో ఉంది, హెడ్‌మాస్టరు గదిలో బీరువాలో కూడా ఉంది. అందులో గాలి లేదు, అంతే. గాలి కొట్టే పంపు ఉంది, దాని సూది లేదు. సూది కొనాలంటే బిల్లు పెట్టాల, బిల్లు పెట్టాలంటే గ్రాంటు రావాల. పీఈటీ సారును అడుగుదామంటే ఆయనకు తీరికేదీ? మధ్యాహ్నం భోజనంలో కోడిగుడ్ల లెక్క తేల్చాల, సాయంత్రం పిల్లల హాజరు యాప్‌లో ఎక్కించాల. నెట్‌వర్క్ దొరక్కపోతే గోడెక్కి సెల్లు పైకెత్తి పట్టుకోవాల. ఆయన చేసే వ్యాయామం అదొక్కటే. ఈలోగా క్రికెట్ పిల్లోళ్లు మైదానం నడిమధ్యలో మూడు కట్టెలు పాతేసి ఉంటారు.

ఇట్లాంటి అయివోరి గురించే ఒక పాత సంగతి చెప్పాల. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒకాయన ఉండేవాడు. 1909లో పుట్టినాడు, బడిపంతులు, కుర్రతనంలో బంతి ఆడినవాడే. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ టీము ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాదే డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్‌ను ఓడించినారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు వాళ్లదే. జాతీయ జట్టును ఇస్తే 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చినాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చినాడు. 1962 జకార్తా ఆసియా క్రీడలకు పోయేటప్పటికి ఊపిరితిత్తుల్లో కేన్సర్ ఉంది. అయినా తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దించినాడు. ఫైనల్లో ఆ కుట్ల తలకాయే గోలు కొట్టింది. సెప్టెంబరు 4న దక్షిణ కొరియా మీద 2–1, మళ్లీ బంగారం. 1963 జూన్ 11న రహీం పోయినాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారం రాలేదు.

ఇప్పుడు ఆయన బతికుండి ఏదన్నా క్లబ్బులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే ఇంటర్వ్యూ ఇట్లుంటుంది.

“ప్రో లైసెన్సు ఉందా సార్?”

“లేదు నాయనా. బంగారు పతకాలు రెండున్నాయి.”

“పతకాలు అప్‌లోడ్ చేసే కాలమ్ లేదండీ. మీ ఏజెంటు ఎవరు?”

“ఏజెంటు ఎందుకు? నేనే వచ్చినా గదా.”

“డేటా అనలిటిక్స్ తెలుసా?”

“నల్లబల్ల, సుద్దముక్క ఇస్తే చూపిస్తా.”

“సారీ సార్. మీ ప్రొఫైల్ బాగుంది గానీ, గ్రాస్‌రూట్స్‌లో ఏదన్నా ఖాళీ ఉంటే చెప్తాం. మీ కథ మీద సినిమా తీస్తే మాత్రం మొదటి రోజే టికెట్ కొంటాం.”

సినిమా తీసినారు కూడా. 2024లో ‘మైదాన్’ వచ్చింది, అజయ్ దేవగన్ రహీం వేషం కట్టినాడు. అంతకు ముందు 2019లో ‘విజిల్’ వచ్చినప్పుడు విజయ్ ఫుట్‌బాల్ కోచ్‌గా అదరగొట్టినాడని మనోళ్లు థియేటర్లలో ఈలలు వేసినారు. తెర మీద కోచ్‌కు పాలాభిషేకం, తెర బయట కోచ్‌కు పెండింగు జీతం. ఈ తేడా తెలిసినోడే రెండో మెట్టు ఎక్కగలడు.

రెండో మెట్టు, ఊరు విడిచేది. ఆడినోడు కోచ్ కావడం మనకు కొత్త కాదు. హైదరాబాద్ మనిషి సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. ఆటగాడిగా అర్జున, 1990లో కోచ్‌గా ద్రోణాచార్య. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ రెండింటికీ పాఠం చెప్పినాడు. ఇంకో హైదరాబాదీ షబ్బీర్ అలీ. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న జట్టుకు కెప్టెన్. తర్వాత కోచ్‌గా 1998–99లో గోవా క్లబ్బు సాల్గావ్‌కర్‌ను జాతీయ లీగ్ విజేతగా నిలబెట్టినాడు. రహీం కొడుకు ఎస్.ఎస్. హకీం ఆటగాడు, ఫిఫా రిఫరీ, కోచ్, మూడూ ఆయనే. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చినారు. వీళ్లకు పేరొచ్చింది ఎక్కడ? కోల్‌కతాలో, గోవాలో, ముంబైలో. కాబట్టి అబ్బోడా, మదనపల్లె బస్టాండులో నువ్వు ఎక్కాల్సింది హైదరాబాద్ బస్సు కాదు, హౌరా బండి.

“మన హైదరాబాద్‌కే పెద్ద క్లబ్బు వచ్చింది గదా?” అంటావేమో. వచ్చింది, పోయింది. ఆ కథే మూడో మెట్టు. జాగ్రత్తగా విను, ఇందులోనే అసలు కిటుకుంది.

2019లో పుణె క్లబ్బు మూతపడితే, ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ సీటు హైదరాబాద్ ఎఫ్‌సీ పట్టుకుంది. చేతిలో డబ్బుంది, అంటే కోచ్ విదేశీయుడే అని వేరే చెప్పనక్కర్లేదు. మొదట ఇంగ్లండ్ నుంచి ఫిల్ బ్రౌన్. సీజన్ నడుస్తుండగానే సాగనంపినారు. తర్వాత వస్తాడన్న అల్బర్ట్ రోకా, పూర్తి సీజన్ మొదలు కాకముందే బార్సిలోనా పిలిచిందని పోయినాడు. మూడో మనిషి స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్. ఈయనకు మాత్రం వంక పెట్టలేం. కుర్రోళ్లను నమ్మినాడు, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చినాడు. గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపినాడు. సొంత మైదానం గచ్చిబౌలి మురిసిపోయింది.

ఏడాదిన్నర గడిచింది. జీతాలు ఆగినాయి. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే పెట్టె సర్దుకున్నారు, విదేశీ కోచ్ కూడా పోయినాడు. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. ఈ గొడవల నడుమే యాజమాన్యానికి అకస్మాత్తుగా దేశభక్తి పొంగింది. “మన కోచ్ ఉన్నాడు గదా!” అని మణిపూర్ మనిషి తాంగ్‌బోయ్ సింగ్టోకు టీము అప్పజెప్పినారు. జీతాలు రాని కుర్రోళ్లతో ఆయన 2023–24 సీజన్ అంతా మైదానంలో నిలబడినాడు. 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు. చూసినారా, మన కోచ్‌లతో అయ్యే పనేనా అని పెదవి విరిచినోళ్లు అప్పుడూ ఉన్నారు. డబ్బున్నప్పుడు స్పెయిన్ బుర్ర, అప్పులున్నప్పుడు మన గుండె. భారతీయ ఫుట్‌బాల్‌లో నియామకాల సిద్ధాంతం ఇంతకంటే పెద్దదేం లేదు.

2014లో ఈ లీగ్ పుట్టిన ఏడాదే ఇది ఖాయమైంది. ఎనిమిది జట్లు, ఎనిమిదిమంది హెడ్ కోచ్‌లు, ఎనిమిదిమందీ విదేశీయులే. వాళ్లలో మాటెరాజీ, డేవిడ్ జేమ్స్ ఇద్దరూ ఒకపక్క కోచ్‌గా చేస్తూనే ఇంకోపక్క బూట్లు కట్టుకుని ఆడేసినారు. ఆ పని మన దగ్గర ఆడి రిటైరైన కుర్రోడు చేస్తానంటే “ముందు లైసెన్సులు తెచ్చుకో” అంటారు. డి, సి, బి, ఏ, ప్రో అని ఐదు గడపలు. ప్రతి గడప దగ్గరా ఫీజు, రైలు టికెట్టు, లాడ్జి బాడుగ. సొంత డబ్బుతో అంత దూరం పోయినోడికి ‘అసిస్టెంట్’ అని రాసున్న టీ షర్టు ఇస్తారు.

జాతీయ జట్టు సంగతి ఇంకా పసందు. క్రొయేషియా తరఫున ప్రపంచకప్ కాంస్యం గెలిచిన ఇగోర్ స్టిమాచ్‌ను 2019లో తెచ్చుకున్నారు. ఆటగాళ్ల పేర్లు మ్యాచుకు ముందు ఒక జ్యోతిష్కుడికి పంపి, గ్రహబలం కనుక్కుని జట్టును దించినారని 2023 సెప్టెంబరులో పత్రికల్లో వచ్చింది. ఆ జ్యోతిష్కుడికి ఫీజు కట్టింది ఫుట్‌బాల్ సమాఖ్యే. ఇదేందయ్యా? జాతకం చూసేదానికి ఐరోపా నుంచి మనిషిని పిలిపించాల్నా? మా పక్క సంతలో చిలక జోస్యం చెప్పేటోడు ఇంతకంటే తక్కువకు పదకొండుమందిని ఏరిస్తాడు. 2024లో స్టిమాచ్‌ను తీసేసి, ఆ తీసేసినందుకు సుమారు 4 లక్షల డాలర్లు ఇచ్చి పంపినారు. మనోడిని తీసేస్తే మాత్రం బకాయి జీతం కోసం వాడే ఉత్తరాలు రాసుకోవాల.

అంతా అయినాక 2025 ఆగస్టులో మనిషి దొరికినాడు. ముంబై మైదానాల్లో ఆడి, అక్కడే కోచింగ్ మొదలుపెట్టిన ఖాలిద్ జమీల్. 2017లో మిజోరాం క్లబ్బు ఐజాల్‌ను ఐ-లీగ్ విజేతగా నిలబెట్టినాడు. అప్పటికే ఆయన చేతిలో రుజువుంది. అయినా జాతీయ జట్టు దాకా రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. 2012 తర్వాత జాతీయ జట్టుకు పూర్తిస్థాయి భారతీయ కోచ్ ఈయనే. కుర్చీ ఇచ్చింది ఎప్పుడో కూడా చూడు. స్టిమాచ్ తర్వాత వచ్చిన విదేశీ కోచ్ కూడా మానుకుని పోయి, అగ్రశ్రేణి లీగ్ ఒప్పందాల గొడవలో సీజన్ మొదలవుతుందో లేదో తెలియని ఏడాది. పైన చెప్పిన సిద్ధాంతం దేశమంతటికీ ఒకటే.

అలెక్స్ ఫెర్గూసన్ ఆటగాడిగా ఆడి మేనేజర్ అయినోడే. 1986లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చినాడు. మొదటి కప్పు 1990లో. ఆ మూడున్నరేళ్లు ఓపిక పట్టిన క్లబ్బుకే తర్వాత రెండు దశాబ్దాలకు పైగా కప్పులు కుప్పలు పడినాయి. మన క్లబ్బుల్లో ఆయనను మూడున్నర నెలలకే విమానమెక్కించేవాళ్లు. మన దేశపు మనిషైతే విమానం కూడా లేదు, స్లీపర్ క్లాసే.

విదేశీ కోచ్ రావడం పాపం కాదు. మార్క్వెజ్ లాంటోళ్లు పది మంది రానీ. మనోడికి డబ్బున్న సంవత్సరం ఒకటి, ఓడినా తీసేయని సంవత్సరం ఇంకోటి ఇచ్చి చూడమనే అడుగుతున్నాం. రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా శాఖలకూ ఒక మాట. మండలానికొక పీఈటీకి లైసెన్సు ఫీజు మీరు కట్టండి, ఆయన సెల్లులోంచి ఆ హాజరు యాప్ తీసేయండి. రహీం సారు నడిపించిన హైదరాబాద్‌లో ఇప్పుడు అగ్రశ్రేణి లీగ్ క్లబ్బు లేదు. ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి పోయి, పేరు కూడా మార్చుకుంది.