కత్తెర పడితేనే నా పూత

నేను గులాబీని, హైబ్రిడ్ టీ రకాన్ని. ఏడాదికోసారి పూసి ఊరుకునేదాన్ని కాదు, పోషణ కుదిరితే విడత మీద విడత పూస్తాను. ఈ గుణం మా చైనా పూర్వీకుల చలవ. ఐరోపాలో పాత గులాబీలు చాలావరకు వేసవిలో ఒక్కసారే పూసేవి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో చైనా గులాబీలు అక్కడికి చేరి, వాటితో కలిశాక మళ్ళీ మళ్ళీ పూసే రకాలు పుట్టుకొచ్చాయి. 1867లో ఫ్రాన్సులో వెలుగు చూసిన ‘లా ఫ్రాన్స్’ మా వంశానికి మొదటిదంటారు.

నేను కళ్ళు తెరిచింది గోదావరి తీరాన, కడియం నర్సరీలో. మొండి నాటు గులాబీ కాండం మీద బెరడు చీల్చి, మేలు రకం కన్ను ఒకటి అమర్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టారు. ఆ కన్నే నేను. వేర్లు దానివి, పూలు నావి.

నల్ల కవరులో హైదరాబాదు చేరి ఒక డాబా మీద కుండీలో కుదురుకున్నాను. ఆ ఇంటి మామ్మగారు ఉన్నన్నాళ్ళూ నాకు లోటు లేదు. పొద్దున్నే మొదలు దగ్గర నీళ్ళు పోసేవారు. ఆకులు తడిసి తడిగానే ఉంటే నల్ల మచ్చ తెగులు పట్టుకుంటుందని ఆవిడకు తెలుసు. పువ్వు వాడగానే, అయిదాకుల రెబ్బ దగ్గర, బయటివైపు తిరిగిన కన్నుకు కాస్త పైగా ఏటవాలుగా కోసేవారు. ఆ కన్నులోంచే కొత్త కొమ్మ, దాని కొసన మొగ్గ. అక్టోబరులో ఎండుపుల్లలు, బక్క కొమ్మలు తీసేసి, మిగతావి సగానికి కత్తిరించి, మాగిన పశువుల ఎరువు వేసేవారు. నెలన్నర తిరిగేసరికి విరగబూసేదాన్ని. మొదటి పువ్వు దేవుడి పటానికి, రెండోది మనవరాలి జడకు.

మామ్మగారు కాలం చేశారు. తర్వాతి వాళ్ళకూ నా పూలంటే ఇష్టమే. కత్తెర వేయడానికి మాత్రం చేతులు రాలేదు. “పచ్చటి కొమ్మను కొయ్యడం పాపం కదా!” అనేవారు. ఆ జాలే నా కొంప ముంచింది. వాడిన పూలు కొమ్మకే మిగిలి కాయలు కట్టాయి. ఉన్న సత్తువ గింజకే పోతుంటే మొగ్గ వేయడానికి ఇంకేం మిగులుతుంది? ఇంతలో అంటు కింద నుంచి నాటు పిలక లేచింది. ఏపుగా, నిటారుగా పెరిగింది. “చూశావా, ఎంత బాగా ఎదుగుతోందో!” అని వాళ్ళు మురిసిపోయారు. అది నా వాటా నీళ్ళు, నా వాటా ఎరువు తాగేస్తోందని ఎవరూ గమనించలేదు. వేలంత ఉన్నప్పుడే మొదలంటా చీల్చి పారేస్తే సరిపోయేది. నా కొమ్మలు కొసల నుంచి నల్లబడుతూ ఒక్కొక్కటే ఎండిపోయాయి.

ఒకరోజు “ఇది గొడ్డుపోయింది” అని తేల్చి, పగిలిన కుండీతో సహా గేటు బయట చెత్త సంచుల పక్కన పెట్టేశారు. దాహాన్ని ఓర్చుకున్నాను గానీ, ఆ మాట ఓర్చుకోలేకపోతున్నాను. గొడ్డుపోలేదు నేను. పూయనిచ్చే చెయ్యి కరువైంది, అంతే.

అంటుకు పైన నా బెరడు గోటితో గీరి చూడండి, లోపల ఇంకా పచ్చగానే ఉంది. ఆ పిలకను పీకేయండి. ఎండుకొమ్మలను పచ్చదనం తగిలేదాకా కోయండి. ఐదారు గంటలు ఎండ తగిలే చోట నిలబెట్టండి. వానలు వెనకబట్టాయి, కత్తిరింపుల కాలం వచ్చింది. నా మీద నిజంగా ప్రేమ ఉంటే, కత్తెర పట్టుకుని రండి.