గుర్రానికి దండ, మేళానికి దండన

తప్పంతా మేళగాళ్లదే. ముందుగా అది ఒప్పేసుకుందాం, గొడవ వదిలిపోతుంది. పందెంలో గుర్రం బెదిరిందా? మేళం మోగించబట్టే. తాడు తెంపుకుని జనం బరిలోకి దూకారా? మేళం రెచ్చగొట్టబట్టే. ముఖ్య అతిథిగారు మూడు గంటలు ఆలస్యంగా వచ్చారా? అదీ మేళం తప్పే అయివుంటుంది. ఓ విచారణ కమిటీ వేస్తే తేలిపోతుంది.

నెల్లూరు జిల్లాలో అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి వైపు బ్యాండు సెట్టువాడి బతుకు ఎలా నడుస్తుందో తెలియనిదెవరికి? పేట దర్గాలో గంధం ఊరేగింపు కదలాలంటే మేళతాళాలు కావాలి. నర్రవాడ వెంగమాంబ బ్రహ్మోత్సవాలకు కావాలి. పెళ్లికి కావాలి, పాడెకు కావాలి, నాయకుడి పుట్టినరోజుకు మరీ కావాలి. అన్నిటికీ అవే బూరలు, అవే ఊపిరితిత్తులు. గుడి ముందు క్లారినెట్ ఊదే మస్తాన్‌లు, గంధం ముందు పలక కొట్టే వెంకటేశులు ఈ నేలమీద కొత్తేం కాదు. పక్కనున్న ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరంతో రంగనాథుణ్ని కొలిచారు. ఆయనకు 1977లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. వేదికెక్కి మతసామరస్యం మీద అరగంట దంచే పెద్దమనిషి ఒక్కసారి కిందికి చూస్తే చాలు. ఆయన చెప్పేదంతా అక్కడ చెమటలు కక్కుతూ బూర ఊదుతుంటుంది. చూస్తాడా? మైకు సరిచేసుకోవడంలోనే సరిపోతుంది పాపం.

మా వైపు తిరణాలంటే ఎడ్ల బండలాగుడు. గుర్రాల పరుగు జోరు చూడాలంటే అనకాపల్లి వైపు పోవాలి. సంక్రాంతి దాటాక అక్కడ ఊరూరా తీర్థాలు. ఎడ్ల పరుగు, గుర్రాల పరుగు, బహుమతులు, జనం. ఇక్కడ ఎద్దు, అక్కడ గుర్రం. జంతువు మారుతుంది. కమిటీ మాత్రం మారదు. అదే తెల్లచొక్కా, అదే ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో అవే నలభై మొహాలు. పరిగెత్తే గుర్రం బొమ్మకు మాత్రం ఓ మూల బెత్తెడు చోటు.

అక్కడి గుర్రాన్ని మా వైపు తిరణాలకు తెచ్చామనుకుని, ఆ రోజు ఎలా గడుస్తుందో చూద్దామా? ఏ ఊరో అడక్కండి. మీ ఊరే అనుకోండి, తేడా ఏం రాదు.

సంచకారం ఇచ్చేటప్పుడు కమిటీవాడి మాట తేనె. "రెండు గంటలే అన్నా, మధ్యాన్నం భోజనం మనదే." పొద్దున ఏడుకల్లా మేళం దిగాలి. దిగుతుంది. పెద్దలకు షామియానా ఉంటుంది. కుర్చీల మీద తుండుగుడ్డలు పరిచి ఉంటాయి. గుర్రానికి చెట్టునీడ, బక్కెట్టు నీళ్లు. మేళానికి? నడినెత్తిన సూర్యుడు. పైగా ఒంటిమీద ఎర్రకోటు, భుజాలమీద జరీ కుచ్చులు, నెత్తిన టోపీ. దొరలు 1947లో పోయారు. కోటు మాత్రం మన క్లారినెట్ మాస్టారి వీపుమీద వదిలేసి పోయారు. నెల్లూరు ఎండల్లో ఆ కోటు తొడుక్కుని ఓ అరగంట నిలబడమనండి మన గౌరవ అధ్యక్షులవారిని. నిలబడితే నేను ఈ కాలమ్ రాయడం మానేస్తా.

పది అవుతుంది. "అన్నా, ఇంకో పాట. సారు సంగం దాటాడంట." ఊదుతారు. పదకొండు. "ఆత్మకూరు వచ్చేశాడంట, ఆపొద్దు." ఊదుతారు. పన్నెండున్నర. "సారు ఇప్పుడే నెల్లూరులో బయల్దేరాడంట." ఏంది నాయనా ఇది? వెనక్కి నడిచే కారు మన ప్రజాప్రతినిధులకే దొరుకుతుందా? గుర్రాలు అప్పటికే నాలుగుసార్లు గీత దగ్గరికొచ్చి నాలుగుసార్లు వెనక్కి పోయాయి. రిబ్బను కోసే అధికారం సారుదే. ఆ రిబ్బను తెగేదాకా గుర్రానికి పరుగు లేదు, మేళానికి మంచినీళ్లు లేవు.

ఇంతలో అసలు సంబరం. ఊళ్లో రెండో వర్గం ఊరుకుంటుందా? వీళ్లు మేళం పెడితే వాళ్లు డీజే పెడతారు. ట్రాక్టరు ట్రక్కునిండా మనిషెత్తు పెట్టెలు. వీళ్లది పాట, వాళ్లది ఉరుము. "ఏందిరా, తగ్గుతున్నారు? ఊదండి గట్టిగా!" అని మేళం వీపు చరుస్తాడు కమిటీ కుర్రాడు. నోటి ఊపిరితో జనరేటరు మీద గెలవాలి. మనిషికీ గుర్రానికీ పందెం పెట్టినా కాస్త న్యాయం ఉండేది.

ఇక గుర్రం సంగతి. దాన్ని అడిగినవాడెవడు? మనిషి చెవి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తే, గుర్రం చెవి ముప్ఫై మూడు వేలదాకా వింటుంది. రెండు చెవుల్నీ చెరో దిక్కుకు తిప్పి చప్పుడు ఎక్కణ్నుంచో పసిగడుతుంది. వేటాడే మృగానికి దొరక్కుండా బతకడానికి నేర్చిన విద్య అది. ముందు పరుగు, తర్వాతే ఆలోచన. అలాంటి జీవి చెవి పక్కన డీజే పెట్టి, కాళ్ల దగ్గర టపాసుల సరం కాల్చి, అది బెదిరితే "మేళం వల్ల బెదిరింది" అంటారా? టపాసుల సరం అంటించినవాడెవడు? కమిటీ కోశాధికారి. డీజే ఎవరిది? మాజీ సర్పంచి బామ్మర్దిది. వాళ్లను అడగ్గలరా? అడగలేరు. అందుకని సైడుడ్రమ్ము దొరికింది.

గుర్రం తాడు దాటుతుంది. జనం చెల్లాచెదురు. కుర్చీలు గాల్లోకి. ఎవడి చెప్పు ఎవడి కాలికుందో తెలీదు. డ్రమ్ము మీద కాలుపడి తోలు చిరుగుతుంది. అప్పుడు వస్తాడండీ పోలీసు! అప్పటిదాకా షామియానాలో మజ్జిగ తాగుతున్నవాడు లాఠీ ఝుళిపించి ఎవర్ని పట్టుకుంటాడు? పందెం డబ్బు జేబులో పెట్టుకున్నవాణ్నా? గుర్రం యజమానినా? వాళ్లు పక్క కుర్చీల్లోనేగా కూర్చుంది, మొహమాటం ఉండదూ? ఎర్రకోటువాడు దూరాన్నుంచే కనిపిస్తాడు. బరువైన డ్రమ్ము తగిలించుకుని పరిగెత్తలేడు కూడా. చట్టానికి అంతకంటే అనువైన నేరస్థుడు ఎక్కడ దొరుకుతాడు?

చట్టమంటే గుర్తొచ్చింది. మన దగ్గర చట్టాలకు కరువా? శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లోనే వచ్చాయి. పగటిపూట నివాస ప్రాంతంలో 55 డెసిబెల్స్ దాటకూడదు. ఆస్పత్రికి, బడికి, కోర్టుకు వంద మీటర్లలోపు నిశ్శబ్దం పాటించాలి. లౌడ్‌స్పీకరు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. కాగితం మీద మన దేశమంత ప్రశాంతమైన దేశం భూమ్మీద లేదు. మనసు బాగాలేని బిడ్డల్ని చేయిపట్టుకుని ఎక్కడెక్కణ్నుంచో పేట దర్గాకు తీసుకొస్తారు జనం, కాస్త నెమ్మది దొరుకుతుందని. మతి కుదురుగా ఉందని చెప్పుకునే మనం మాత్రం తిరణాలకు తిరణాలకు పెట్టెలు పెంచుకుంటూ పోతాం.

జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1960లోనే చట్టం చేశారు. మొదటిసారి దొరికితే జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయలకు తగ్గకుండా, యాభై దాటకుండా! మళ్లీ చదవండి. అచ్చుతప్పు కాదు. అరవై ఏళ్లు దాటినా అంకె అంగుళం కదల్లేదు. ఎమ్మెల్యేల జీతాల అంకె మాత్రం ఏ డీజేకూ బెదరకుండా పరుగు తీసింది.

జూదం సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. పల్లెలో చెట్టుకింద పందెం కాస్తే నేరం. 1974 నాటి గేమింగ్ చట్టం అలాగే అంటుంది. కానీ అదే చట్టంలో ఓ చిన్న కిటికీ ఉంది. గుర్రప్పందెం జరిగే రోజున, నిర్వాహకులు కేటాయించిన ఆవరణలో, లైసెన్సున్న బుకీ దగ్గర కాస్తే అది జూదం లెక్కలోకి రాదు! 1996లో సుప్రీంకోర్టు కూడా మద్రాసు రేసుల కేసులో గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని తేల్చింది. ఇంకేం? హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో 1886 నుంచీ నైపుణ్యం పరిగెడుతూనే ఉంది. డెక్కన్ డెర్బీ అని అక్కడో పెద్దపందెం. అది చాలా ఏళ్లు ఏ రోజు జరుగుతూ వచ్చిందో చెప్పుకోండి. అక్టోబరు 2. గాంధీ జయంతి! బాపూజీ పుట్టినరోజున మందు షాపు మూసేయాలి, మాంసం కొట్టు మూసేయాలి, రేసుకోర్సు గేటు మాత్రం బార్లా తెరవాలి. సర్కారు కూడా అక్కడే నిలబడి ఉంటుంది, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం జీఎస్టీ వసూలు చేసుకుంటూ. పాపమని చెప్పి అత్యధిక శ్లాబులో వేస్తారు, ఆ డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం చెయ్యి వణకదు.

కోటువేసుకున్నవాడు కాస్తే నైపుణ్యం, లుంగీ కట్టినవాడు కాస్తే జూదం. ఇద్దరి మధ్యా బూర ఊదినవాడు ఏమిటి? న్యూసెన్సు.

సాయంత్రమవుతుంది. పోలీసులు వదిలేశాక మేళం కమిటీ దగ్గరికి పోతుంది మిగతా డబ్బుకోసం. వేదికమీద సారు ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు. "డప్పు కళాకారులకు పింఛను నాలుగు వేలు చేసిన ప్రభుత్వం మాది!" చప్పట్లు. చేశారు, కాదనం. 2024 జులై నుంచి మూడు వేలు నాలుగు వేలయిన మాట నిజమే. మరి వేదిక వెనకాల, ఆ సారు ఫ్లెక్సీ కట్టిన కర్ర పక్కనే, ఈ కళాకారుడి కూలి ఎవడు కోస్తున్నాడు? "గుర్రం బెదిరింది కదన్నా, పందెం పాడయింది. సగం తీసుకో. మిగతాది వచ్చే తిరణాలకు చూద్దాం." భోజనం? "అయిపోయిందన్నా, సారు వెంట జనం ఎక్కువొచ్చారు." చిరిగిన డ్రమ్ముకు డబ్బెవరిస్తారని అడగబోయి అడక్కుండా వెనుదిరుగుతాడు మాస్టారు. మళ్లీ పిలవాలి కదా వాళ్లు! ఆత్మగౌరవం కూడా బయానా మీదే నడుస్తుంది ఇక్కడ.

గెలిచిన గుర్రం మెడలో దండ. యజమాని చేతిలో నగదు. సారు భుజం మీద శాలువా. డీజేవాడికి డబ్బు ముందే ముట్టింది, లేకపోతే వాడు జనరేటరు కూడా తిప్పడు. మేళగాడు ఊపిరి ముందు ఇచ్చి డబ్బు తర్వాత అడుగుతాడు. ఆ ఒక్క మర్యాదే వాడి కొంప ముంచుతోంది.

కాబట్టి అయ్యా కమిటీ పెద్దలూ, వచ్చే తిరణాలకు మేళం మాట్లాడేటప్పుడు మాట్లాడుకున్న డబ్బంతా పొద్దున్నే లెక్కపెట్టి చేతిలో పెట్టండి. నీడకు ఓ గుడ్డ కట్టండి. టపాసులు గుర్రానికి దూరంగా, మీ షామియానా పక్కన కాల్చుకోండి. మేళం మాస్టార్లూ, మీకూ ఒక మాట: సారు సంగం దాటాడంటే నమ్మకండి. డబ్బు జేబులో పడ్డాకే బూర పైకెత్తండి.