కూతవేటు దూరంలో నంద్యాల

సంక్రాంతి సెలవులకు ముందొకటి, వేసవి సెలవులకు ముందొకటి జాబితా దిగుతుంది. 'రాజధాని చుట్టుపక్కల తప్పక చూడాల్సిన పది ప్రదేశాలు'. ఆదివారం అనుబంధాల్లో ఉంటుంది, యూట్యూబులో ఉంటుంది, ట్రావెల్స్ వాళ్ళ కరపత్రంలో ఉంటుంది. అందులో మా బెలుం గుహలు, యాగంటి, అహోబిలం, మహానంది ఉండి తీరతాయి. ఏ రాజధాని చుట్టుపక్కల అని మాత్రం అడగకూడదు. హైదరాబాదు వాళ్ళ జాబితాలోనూ అవే, అమరావతి వాళ్ళ జాబితాలోనూ అవే. నంద్యాల నుంచి ఇటైనా అటైనా మూడు వందల కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. జాబితా రాసేవాళ్ళ లెక్కలో అది కూతవేటు. అంత దూరం వినపడేలా కూసేవాడు దొరికితే వాడినే ఒక దర్శనీయ స్థలంగా ప్రకటించి టిక్కెట్టు పెట్టొచ్చు.

మేము నిజంగా రాజధాని చుట్టుపక్కల ఉన్న రోజులూ ఉన్నాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులకు కట్టడాలు చాలక డేరాలు వేశారు. మూడేళ్ళు తిరిగాయో లేదో, 1956 నవంబరు 1 నాటికి డేరాలు చుట్టేసి హైదరాబాదు బండెక్కారు. ఆ తర్వాత 2019 డిసెంబరులో, నిండు శాసనసభలో, ఒకటి కాదు మూడు రాజధానులన్నారు. కర్నూలుకు న్యాయ రాజధాని వచ్చిందన్నారు. అంటే మేము మళ్ళీ రాజధాని చుట్టుపక్కలకు వచ్చామన్నమాట. 2021 నవంబరులో, ఆ మాట మీద చేసిన చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. ఇన్నిసార్లు రాజధాని వచ్చి పోయినా మా కొండలు, గుహలు, కోనేళ్ళు అంగుళం కూడా జరగలేదు. జరిగాడని, పెరిగాడని చెప్పుకునేది యాగంటి బసవన్న ఒక్కడే.

ఆ బసవన్న సంగతే చూడండి. ఇరవై ఏళ్ళకు ఒక అంగుళం పెరుగుతున్నాడని పురావస్తు శాఖవారు చెప్పారట. చెప్పారని అందరూ చెబుతారు, ఎప్పుడు చెప్పారో, ఏ కాగితంలో రాశారో చూపినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. ఒకప్పుడు ఆయన చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళమని, ఇప్పుడు స్తంభాలు అడ్డమని మా ముసలివాళ్ళు అంటారు. అది వాళ్ళ నమ్మకం, దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ జాబితావాళ్ళతో. వాళ్ళ చేతిలో పడ్డాక బసవన్నకు ఎదుగుదల హెచ్చింది. ఒకడు పదేళ్ళకు అంగుళం అంటాడు, ఇంకొకడు 'ఏటేటా' అంటాడు. ఈ ఊపున పోతే కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారి పేర చెప్పుకునే మాట వచ్చే దీపావళికే నిజమైపోయేట్టుంది. వచ్చినవాళ్ళు చేసేది ఇంకో పని: తలెత్తి ఆకాశంలోకి చూడటం. అగస్త్యుడి శాపం వల్ల ఇక్కడ కాకులు వాలవని జాబితాలో చదివారు కదా, కాకి లేకపోవడాన్ని వీడియో తీస్తారు. కొండ గర్భంలోంచి వచ్చి కోనేట్లోకి ఏడాది పొడవునా పడే నీటిని చూడరు. లేనిదాన్ని చూడటానికి వచ్చారు, ఉన్నదాన్ని ఎందుకు చూస్తారు?

బెలుం గుహల దగ్గర ఇంకో రకం వాచాలత. 'దేశంలోనే రెండో పొడవైన గుహలు' అని రాయనివాడు పాపి. మేఘాలయలో ముప్పై కిలోమీటర్లు దాటిన గుహ ఉంది, ఇరవై దాటినది ఉంది, వాటి తర్వాత వరుసలో నిలబడినవి ఇంకెన్నో. బెలుం పొడవు 3,229 మీటర్లు. మైదాన ప్రాంతంలో ఇంత పొడవు గుహలు అరుదు, ఆ మాట నిజం, ఆ మాటే చాలు. కానీ మనవాళ్ళకు 'మైదాన ప్రాంతంలో' అనే తోక అడ్డం, అందుకని కోసేస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాసిపెట్టాడు. ఆ తర్వాత వందేళ్ళకు, 1982-83లో, జర్మనీ నుంచి డేనియల్ గెబావర్ బృందం వచ్చి పాకుతూ, దేకుతూ కొలిచింది. కొలిచాక కూడా కొన్నేళ్ళపాటు చుట్టుపక్కల వాళ్ళు అందులో చెత్త పోశారు. జనానికి తెరిచింది 2002లో. నిన్నటి దాకా చెత్తగుంట, నేడు దేశంలోనే రెండోది. మధ్యలో వట్టి గుహగా ఉండే యోగం దానికి పట్టనేలేదు.

బనగానపల్లెకు వెళ్దాం. ఒకప్పుడు నవాబుల సంస్థానం. ఆ పేరు మోసే మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి బయట నవాబుల పాత బంగళా ఒకటుంది. దాని పేరు ఇప్పుడు అరుంధతి బంగళా. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమాను అక్కడ తీశారు కాబట్టి. ఏ నవాబు కట్టించాడు, ఎందుకు కట్టించాడు అని అడిగేవాడు లేడు. 'పశుపతిని ఏ గదిలో పెట్టారన్నా?' అని అడిగేవాళ్ళే అందరూ. గోడలకు పెచ్చులూడుతుంటే అది కూడా సెట్టింగే అనుకుంటారు. దీనికి సరిగ్గా తిరగబడ్డ కథ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కుంపిణీవాళ్ళు ఆయన్ను ఉరి తీసి, తలను ముప్పై ఏళ్ళు కోట గుమ్మానికి వేలాడదీశారు. ఆయన మీద సినిమా వచ్చింది 2019లో, యుద్ధాలు తీసింది జార్జియాలో. అందుకని కోయిలకుంట్ల జాబితాలోకి ఎక్కలేదు. ఆ సినిమా వాళ్ళు నాలుగు గుర్రాలను మా రేనాటి నల్లరేగడిలో పరుగెత్తించి ఉంటే ఈపాటికి వీర పర్యాటకం మొదలై ఉండేది.

ఇక ఆ జాబితాల్లో ఒక్కదానిలోనూ నాకు కనపడని ఊరి పేరు చెబుతాను: జ్వాలాపురం. బనగానపల్లె మండలమే. యాగంటికి వచ్చే కార్లకు పెద్ద దూరం కాదు. సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం పేలింది. గత ఇరవై లక్షల ఏళ్ళలో భూమ్మీద అంత పెద్ద పేలుడు లేదంటారు. ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాల్లో ఎగిరొచ్చి మా జుర్రేరు వాగు లోయలో పడింది, పడిన బూడిదను వానలు కడిగి పల్లానికి చేర్చి మేటలు వేశాయి. ఆ బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అంటే అంత ప్రళయం తర్వాత కూడా ఈ లోయలో మనిషి అలికిడి ఆగలేదని మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ల బృందం 2007లో 'సైన్స్' పత్రికలో రాస్తే, మానవుడు ఆఫ్రికా దాటి ఎప్పుడు బయల్దేరాడు అన్న వాదం ప్రపంచమంతా రాజుకుంది. పండితులు ఇప్పటికీ కొట్లాడుకుంటూనే ఉన్నారు.

మరి మనవాళ్ళు ఏం చేశారు? తవ్వుకున్నారు. తెల్లగా, మెత్తగా, గంధంలా ఉంటుంది ఆ బూడిద. చేత్తో నలిపితే వేళ్ళ మధ్య సన్నగా గరగరలాడుతుంది, నిజానికది గాజు పొడి. సబ్బు పొడుల్లో కలపడానికి భేషుగ్గా పనికొస్తుందని లారీలకెత్తారు. 74 వేల ఏళ్ళు భద్రంగా కూర్చున్న ప్రళయం సాంబారు గిన్నె అడుగు తోమి కాలవలో పడింది. తవ్వినవాడిని నేను తప్పు పట్టను. పొలంలో పైరు పండకపోతే బూడిదైనా పండింది అనుకున్నాడు, కూలి గిట్టింది. కానీ బసవన్న అంగుళాలు లెక్కపెట్టే పెద్దమనుషులకు, దారి పక్కన ఒక బోర్డు పాతి 'ఇక్కడ సుమత్రా బూడిద ఉంది, తోముకోవద్దు' అని రాయడానికి ఏమొచ్చింది? సినిమా తీయలేదు కాబట్టి, దెయ్యం లేదు కాబట్టి జ్వాలాపురం ఊరు కాకుండా పోయింది.

ఆళ్ళగడ్డ గురించి జాబితాలో ఒకటే వాక్యం ఉంటుంది: 'అహోబిలం వెళ్ళేవారు ఇక్కడ బస్సు మారాలి'. రాతిని దేవుడుగా మార్చే వీధులున్న ఊరు ఇది. ఆ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పొద్దున్నే ఉలి దెబ్బలు మొదలవుతాయి. ముక్కు ఇంకా రాని వినాయకుడు, కళ్ళు ఇంకా తెరవని వేంకటేశ్వరుడు రోడ్డు పక్కనే దుమ్ములో నిలబడి ఉంటారు. కారులోంచి దిగిన కుర్రాళ్ళు వాళ్ళను దాటుకుంటూ టీ అంగడికి పోయి అడిగేది వేరు.

'అన్నా, ఇక్కడ సుమోలు గాల్లోకి లేచేది యాడ?'

'ఈ గుంతల్లో అరవై మీద పోనీ నాయనా, ఏ బండైనా లేస్తాది.'

సీమ అంటే బాంబులు, వేట కొడవళ్ళు అని సినిమాలు చెప్పి పాతికేళ్ళయింది. వచ్చేవాళ్ళకు ఆళ్ళగడ్డలో కొడవలి కనపడకపోతే టిక్కెట్టు డబ్బు నష్టపోయినట్టు మొహం పెడతారు. ఇక నంద్యాల అయితే వాళ్ళకు వట్టి రైలు స్టేషను. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కు పోతే, మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. అక్కడి నుంచి వెళ్ళిన నీలం సంజీవరెడ్డి ఆ జులైకల్లా రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. 1991లో ప్రధానిగా ఉండి ఎంపీ కాని పి.వి. నరసింహారావును ఉపఎన్నికలో 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యంతో పంపింది కూడా ఈ ఊరే. 1996లో మళ్ళీ గెలిపిస్తే ఆయన ఒరిస్సాలోని బరంపురం సీటు అట్టిపెట్టుకుని మా సీటు వదిలేశారు. దేశ రాజధానికే చుట్టుపక్కల ఊరిలా మెలిగినవాళ్ళం, రాష్ట్ర రాజధానుల చుట్టుపక్కలకు ఎంపికైనందుకు మురిసిపోవాలా?

అసలు తంటా దూరం కాదు, 'ఒక్క రోజు'. ఉదయం మహానంది, పదకొండుకు యాగంటి, మధ్యాహ్నం బెలుం, సాయంత్రం అహోబిలం, రాత్రికి తిరుగు ప్రయాణం. అహోబిలంలో నవ నారసింహులు. ఎగువ అహోబిలం దాటి జ్వాలా నరసింహుడి దగ్గరికి పోవాలంటే భవనాశిని వాగు వెంట రాళ్ళ మీద నడవాలి, ఉగ్రస్తంభం ఎక్కాలంటే మోకాళ్ళు మొక్కాలి. పావన నరసింహుడు నల్లమల లోపలెక్కడో ఉంటాడు. ఈ తొమ్మిదింటినీ ఒక్క పూటలో 'కవర్' చేశామని వచ్చి చెబుతారు. ఆ రోజు స్వామి హిరణ్యకశిపుణ్ణి పగలూ రాత్రీ కాని వేళ, లోపలా బయటా కాని గడప మీద చంపాడు. వీళ్ళ దర్శనమూ అట్లాంటిదే. వెళ్ళారని అనలేం, వెళ్ళలేదని అనలేం. జీపు దిగీ దిగకుండా, గడప తొక్కీ తొక్కకుండా ఒక సెల్ఫీ.

మా దేవుళ్ళకు ఆదివారం సెలవు సంగతి తెలియదు, అదొక ఇబ్బంది. సంగమేశ్వరుణ్ణి చూడండి. ఏడు నదులు కలిసే చోట వేప చెక్క లింగం. శ్రీశైలం డ్యాము కట్టాక దాదాపు వంద ఊళ్ళతోపాటు ఆయనా మునిగాడు. జలాశయం నీరు తీసినప్పుడు వేసవి ముందు బయటికొస్తాడు, పై నుంచి కృష్ణ వరద రాగానే మళ్ళీ గంగలోకి పోతాడు. జాబితాలో 'సందర్శన వేళలు: ఉదయం 6 నుంచి సాయంత్రం 6' అని రాసినవాడు దసరా సెలవుల్లో పిల్లాపాపలతో వచ్చి నీళ్ళకు దండం పెట్టుకుని పోవాల్సిందే.

అహోబిల స్వామి అయితే అసలు గుడిలోనే ఉండడు. కనుమ నాడు చెంచులు పల్లకీ వైపు విల్లు ఎక్కుపెడితే పారువేటకు బయల్దేరతాడు. చెంచులక్ష్మిని చేసుకున్నవాడు కదా, తన పెళ్ళికి, అంటే ఫాల్గుణంలో వచ్చే బ్రహ్మోత్సవాలకు, ఇంటింటి వాళ్ళనూ తానే పిలుచుకోవడానికి తిరుగుతాడని మా నమ్మకం. ముప్పైకి పైగా ఊళ్ళు, సుమారు నలభై రోజులు. ప్రతి ఊళ్ళో ఆయనకో అరుగు ఉంది. ఆయన వచ్చిన రోజే ఆ ఊరికి పండగ. కూతుళ్ళు, అల్లుళ్ళు అప్పుడే వస్తారు, కొత్త బట్టలు అప్పుడే. జాబితావాళ్ళకు ఇది మింగుడుపడదు. రోజుకో ఊళ్ళో పడుకునే దేవుడికి మ్యాపులో గుర్తు ఎక్కడ పెడతారు?

పోయిన పారువేటప్పుడు ఒక జంట కారాపి అడిగారు, 'స్వామివారి దర్శనం ఎన్నింటి వరకండీ?' అని. అరుగు మీద వేపమండలు కడుతున్న పెద్దాయన తలెత్తాడు.

'ఇంకా రాలేదమ్మా సామి. పక్కూర్లో ఉండాడు, మాపటికొస్తాడు.'

'మాపటికంటే ఎన్నింటికి?'

'అది బోయీలను అడగాల. ఆ ఊరోళ్ళు ఇడిస్తే కదా. మీరు ఇంట్లో కూర్చోండి, జొన్నరొట్టెలు కాలుస్తాండారు.'