సున్నపురాయి లెక్క: సటీకా తాత్పర్యం

అవతారిక. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే కంటికి ఎక్కువగా ఆనుతున్నప్పటికీ, పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పే గదుల్లో ఏటేటా పారాయణం జరిగే గ్రంథం వేరొకటి ఉన్నది. అది మోల్ లెక్కల అధ్యాయం. దీని కర్త ఎవరో తెలియదు గాని, గైడ్లనబడే లఘువ్యాఖ్యలు మాత్రం కొల్లలు. అవన్నీ జవాబుకు అడ్డదారి చూపుతాయే తప్ప మూలాన్ని విప్పి చెప్పవు కనుక, అందలి ఒక లెక్కకు ఇక్కడ టీక వ్రాయబడుతున్నది.

మూలం. 25 గ్రాముల కాల్షియం కార్బొనేటును పూర్తిగా వేడి చేసినపుడు వెలువడు కార్బన్ డయాక్సైడు ద్రవ్యరాశిని గణించుము. (4 మార్కులు)

ప్రతిపదార్థం. 25 గ్రాముల = త్రాసులో అంత తూగునట్టి; కాల్షియం కార్బొనేటును = ఒక కాల్షియం, ఒక కార్బన్, మూడు ఆక్సిజన్ పరమాణువుల పాళ్లను తెలిపే సీఏసీఓ3 అను ఫార్ములా గల సున్నపురాయిని; పూర్తిగా = పచ్చిరాయి ముక్క ఒక్కటైనా మిగలకుండ; వేడి చేసినపుడు = దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చినపుడు; వెలువడు = రాయిని విడిచిపోవునట్టి; కార్బన్ డయాక్సైడు ద్రవ్యరాశిని = బొగ్గుపులుసు వాయువు తూకాన్ని; గణించుము = లెక్కకట్టుము; 4 మార్కులు = జవాబుకు ఒకటి, దశలకు మూడు.

అన్వయం. 'పూర్తిగా' అన్నది 'వేడి చేసినపుడు' అన్న క్రియకు విశేషణంగా కనిపించినా, దాని అసలు చోటు అది కాదు. పూర్తి కావలసినది వేడి చేయడం కాదు, రాయి విడిపోవడం. కాబట్టి 'వియోగం చెందునట్లు' అని అధ్యాహారం చేసుకోవాలి. మార్కులన్నీ ఈ ఒక్క పదం మీదనే నిలిచి ఉన్నవి, ఏలననగా సున్నపు బట్టీలో పెద్ద రాయి పైన కాలి లోపల పచ్చిగా మిగిలిపోవడం మామూలే గనుక, ఆ పదం లేకుంటే లెక్కకు జవాబే ఉండదు.

తాత్పర్యం. పరమాణువులను ఏరి లెక్కపెట్టడం మానవసాధ్యం కాదు గాని వాటి రాశిని తూచవచ్చును. తూకం నుంచి లెక్కకు, లెక్క నుంచి తూకానికి దాటించే ప్రమాణమే మోల్. 10 యొక్క 23వ ఘాతాన్ని 6.02214076తో గుణించగా వచ్చినన్ని కణాలు ఒక మోల్ అని 2019 మే 20 నుంచి ప్రపంచమంతటా స్థిరపడింది. 1811లో సమాన ఘనపరిమాణాల సిద్ధాంతం చెప్పిన అవగాడ్రోకు ఆ సంఖ్య ఎంతో తెలియదు. 1909లో పెరాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి ఆయన పేరు పెట్టాడు. ఇక లెక్కకు వస్తే, కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48 కలిపి సున్నపురాయి ఒక మోల్‌కు 100 గ్రాములు; అది కాలితే 56 గ్రాముల పొడిసున్నమూ 44 గ్రాముల వాయువూ అవుతాయి. 25 గ్రాములు పావు మోల్ కనుక వెలువడేది 11 గ్రాములు. ఎంసెట్ సంప్రదాయంవారు 'నలభై నాలుగు శాతం' అని ఒక్క ముక్కలో తేలుస్తారు. అందులో తప్పేమీ లేదు గాని, దశల మార్కులు మూడూ ఆ ముక్కతోనే పోతాయి.

విశేషం. మూలకారుడు 'వెలువడు' అని ఊరుకున్నాడే గాని, వెలువడినది ఎక్కడికి పోయిందో చెప్పలేదు. దానికి ఉదాహరణ అమీర్‌పేట నుంచి మెట్రోలో రెండో స్టేషన్ దగ్గర నిలిచి ఉన్నది. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ సున్నపు నగిషీ పనికి పేరుపడ్డ భవనం. పొడిసున్నం 56 గ్రాములకు నీరు 18 గ్రాములు తగిలితే బుసబుస పొంగి 74 గ్రాముల తడిసున్నమవుతుంది. దానికి ఇసుక కలిపి గానుగలో నూరి గోడకు పూస్తే, ఆ నీటిని వదిలి, బట్టీలో పోయినంత వాయువును, అనగా 44 గ్రాములను, గాలి నుంచి మెల్లమెల్లగా తిరిగి తీసుకొని మళ్లీ 100 గ్రాముల సున్నపురాయే అవుతుంది. ఇందుకు ఏళ్లు పడుతుంది. గచ్చు లోపలి పొరలకు గాలి అందడం ఆలస్యం గనుక మరింత పడుతుంది. ఆలంకారికులు దీనిని వియోగానంతర సంయోగమని మురిసిపోదురు గాక, పరీక్షల్లో మాత్రం ఈ రెండో సగం వేరే ప్రశ్న, వేరే మార్కులు. మోల్‌కు కొత్త నిర్వచనం అమలైన 2019లోనే ఈ భవనాన్ని పడగొట్టి శాసనసభ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది కాబట్టి, ఉదాహరణ ఇప్పటికీ చూడవచ్చును.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో 'ద్రవ్యరాశిని' అన్నచోట 'ఎస్టీపీ వద్ద ఘనపరిమాణాన్ని' అని ఉన్నది. ఎస్టీపీ అనగా ప్రమాణ ఉష్ణోగ్రతా పీడనాలు. పీడనాన్ని ఒక అట్మాస్ఫియర్‌గా పట్టే ప్రాచీనులకు మోల్ వాయువు 22.4 లీటర్లు, జవాబు 5.6, అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య 1982లో ఒక బార్‌కు మార్చిన తరువాతి నవీనులకు 22.7 లీటర్లు, జవాబు దాదాపు 5.68. ఒకే ప్రశ్నలో ఈ రెండూ ఐచ్ఛికాలుగా ఇచ్చిన ప్రశ్నకర్త మీద వ్యాఖ్యాతలు మౌనం వహించారు.