రాసుకుంటే వచ్చేది కాదు

2018లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో లినక్స్ చెప్పేవాణ్ణి. పొద్దున ఏడింటికి మొదటి బ్యాచి, రాత్రి ఎనిమిదిన్నరకు చివరిది. అక్కడ ఏ మేడ మెట్లెక్కినా ఏదో ఒక కోచింగే. బ్యాంకు పరీక్షలు, ఎస్సై, గ్రూప్స్, డీఎస్సీ, టాలీ, జావా. మెట్ల పక్కన గోడ రంగు కనిపించదు, అన్నీ కరపత్రాలే. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్ గదిలో నలుగురేసి సర్దుకుని, పొద్దున టిఫిన్ మానేసి ఫీజు కట్టేవాళ్ళు. వాళ్ళలో చాలామంది మొదటిసారి కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది మా ల్యాబులోనే.

అలాంటి పిల్లల ముందు నేనెలా ఉండేవాణ్ణో చెప్పాలి.

ఎవరైనా చెయ్యెత్తి "సార్, సిస్టమ్ పనిచేస్తలేదు" అంటే, "పనిచేస్తలేదంటే ఏంది? కరెంటు లేదా, స్క్రీన్ రాలేదా, నెట్ లేదా? ముందు అడుగుడు నేర్చుకో" అనేవాణ్ణి. క్లాసంతా నవ్వేది. ఆ పిల్లవాడు కూర్చునేవాడు. మళ్ళీ చెయ్యెత్తేవాడు కాదు. చెయ్యెత్తకపోతే అర్థమైందని లెక్క వేసుకుని ముందుకు పోయేవాణ్ణి.

ఎవరేమడిగినా నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. "మాన్ పేజీ చదువు." లినక్స్‌లో దాదాపు ప్రతి కమాండుకూ అదెలా వాడాలో చెప్పే ఒక పేజీ ఉంటుంది. దాని తాత యూనిక్స్ మాన్యువల్. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన ఆ పుస్తకం మొదటి కూర్పు మీద 1971 నవంబరు 3 అనే తేదీ ఉంటుంది. అందులో నన్ను ఇప్పటికీ ఆపే సంగతి ఒకటుంది. కమాండు ఏం చేస్తుందో, ఎలా వాడాలో రాశాక, కింద 'బగ్స్' అని వేరే శీర్షిక పెట్టి, తాము చేసినదాంట్లో ఎక్కడ లోపముందో వాళ్ళే రాసిపెట్టారు. యూనిక్స్‌ను కట్టినవాళ్ళే లోపాలు ఒప్పుకుని సంతకం చేశారు. నలభై ఏడేళ్ళ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో లినక్స్ చెప్పుకుని బతికే నేను మాత్రం, నాకు తెలియనిది ఒకటుందని ఒక్క క్లాసులోనూ అనలేదు.

స్టాఫ్ రూములో ఇంకా ఘోరం. విండోస్ వాడేవాళ్ళంటే చులకన. మౌస్ లేకుండా పని జరగనివాళ్ళంటే చులకన. ఎక్సెల్ చెప్పే మేడమ్ మా బల్ల దగ్గర కూర్చోవడం మానేసింది. ఎందుకు మానేసిందో మేమెవరం అడగలేదు.

ఆ సెప్టెంబరు 16న, లినక్స్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ తోటి ప్రోగ్రామర్లందరికీ ఒక మెయిల్ పెట్టాడు. ఏళ్ళ తరబడి మెయిళ్ళలో మనుషుల్ని కించపరిచేలా రాశానని, అది తప్పని క్షమాపణ అడిగాడు. కొన్నాళ్ళు పని పక్కన పెట్టి తనను తాను చక్కదిద్దుకుంటానన్నాడు. 1991లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, చదువుకుంటూ లినక్స్ మొదలుపెట్టిన మనిషి ఆయన. మా స్టాఫ్ రూములో దాని మీద రెండు రోజులు వాదన. "పని వచ్చినోడు నాలుగు మాటలంటడు, పడాలె. పడకపోతే ఈ లైనుకు రావద్దు" అన్నది నేను. గొంతు పెంచి మరీ అన్నాను.

సరిగ్గా ఎనిమిది రోజులకు, సెప్టెంబరు 24న, అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో మొదలైంది. మా ఇల్లు ఎల్‌బీ నగర్ చౌరస్తాకు దగ్గర. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే దిల్‌సుఖ్‌నగర్. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయి లారీల మధ్య అరగంట ఇరుక్కునే దారి ఒక్కసారిగా అయిదారు నిమిషాలైపోయింది. అంత తొందరగా ఇల్లు చేరుతున్నా, నాయినతో కూర్చుని మాట్లాడింది తక్కువే.

మా నాయిన ఆర్టీసీ మెకానిక్‌గా రిటైరయ్యాడు. హయత్‌నగర్ డిపోలో చివరి పదకొండేళ్ళు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ డిపోకు వెళ్ళేవాణ్ణి. రాత్రి బండి దింపేటప్పుడు డ్రైవర్లు లోపాలు రాసిపోయే పుస్తకం ఉండేది. "బండి గుంజుతలేదు" అని రాసేవాళ్ళు, అంతే. నాయిన ఆ డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకుని, చాయ్ తెప్పించి అడిగేవాడు. ఎక్కుడు మీదనా, సాఫు రోడ్డు మీదనా? పొద్దుగాలనా, ఇంజను వేడెక్కినంకనా? పొగ తెల్లగొస్తుందా, నల్లగొస్తుందా? డ్రైవరు చెప్పుకుంటూ పోతుంటే అది డీజిల్ లైన్లో గాలా, ఫిల్టరా, నాజిలా అని తేలిపోయేది. ఎవర్నీ "నీకు బండి గురించి ఏం తెలుసు" అనగా నేను వినలేదు.

ఆర్టీసీలో రిటైరైనవాళ్ళకు వచ్చేది ఈపీఎస్ పెన్షన్. చిన్న మొత్తం. కానీ ఆ డబ్బు తన ఖాతాలో పడిందన్న మెసేజి వచ్చిన రోజు ఆయన నడకే వేరు. అది ఆగకుండా రావాలంటే ఏటా బతికున్నానని ధ్రువపత్రం ఇవ్వాలి. 2014 నవంబరులో కేంద్రం తెచ్చిన జీవన్ ప్రమాణ్‌తో అది కంప్యూటర్‌లోకి వచ్చింది. ఆధార్ నంబరు, పెన్షన్ కాగితం మీదుండే పీపీఓ నంబరు, ఫోనుకొచ్చే ఓటీపీ, చివర వేలిముద్ర.

2018 నవంబరులో "బ్యాంకుల లైన్ల నిలబడుడేంది నాయినా, ఇంట్లనే చేస్త" అన్నాను. స్నేహితుడి దగ్గర వేలిముద్ర మిషను తెచ్చాను. తీరా ఆ సాఫ్ట్‌వేర్‌కు కంప్యూటర్‌లో విండోస్ కావాలి. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉండటమే నామోషీ అనుకునేవాణ్ణి గనుక ఇంకొకరి దగ్గర ల్యాప్‌టాప్ తేవాల్సి వచ్చింది. ఆ చిరాకు అప్పటికే నెత్తిమీద ఉంది.

నాయిన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. యూనియన్‌వాళ్ళు పంచిన నీలం అట్ట డైరీ, పెన్ను తెచ్చుకున్నాడు. నేను చేస్తుంటే అంకెలు వేసుకుని రాస్తున్నాడు. 1. ఆధార్ నంబరు. 2. ఫోన్ నంబరు. 3. పీపీఓ నంబరు. 4 అని వేసి ఆగి, "ఓటీపీ అంటే ఏంది బిడ్డా?" అన్నాడు. అప్పటికి అది మూడోసారి. ఫోను చూసి అంకెలు రెండేసి చదువుతుంటే టైము అయిపోయింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

తర్వాత వేలిముద్ర. ముప్పై ఏళ్ళు గ్రీజులో, డీజిల్‌లో నానిన వేళ్ళవి. చివర్లు నున్నగా అరిగిపోయి, గీతలున్న చోట నల్లటి పగుళ్ళు మిగిలాయి. ఎడమ బొటనవేలు పెట్టాడు, పడలేదు. కుడిది పెట్టాడు, పడలేదు. గట్టిగా అదిమాడు. మిషను ఎర్రగా వెలిగి ఆరిపోయింది. "గంత గట్టిగ ఎవడన్న ఒత్తుతడా? నట్టు బిగిస్తున్నవా?" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. మిషను మీద అంటిన మరకను చొక్కా అంచుతో తుడిచి, డైరీ వైపు వంగి ఏదో రాయబోయాడు.

"ఇవన్నీ రాసుకుంటే వచ్చేటివి గావు నాయినా. బుర్రకెక్కాలె."

పెన్ను మూత పెట్టాడు. డైరీ మూశాడు. "సరే తియ్యి. రేపు బ్యాంకుకు వోత" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు అప్పుడే తెలిసేదేమో.

ఆ తర్వాత ఆయన నన్ను ఏదీ అడగలేదు. కరెంటు బిల్లు కట్టడం అడగలేదు. గ్యాసు బుకింగు అడగలేదు. ఊరికి పోవడానికి బస్సు టికెట్టు అడగలేదు. పనులన్నీ ఎలాగో జరిగిపోతున్నాయి. నాయినకు ఫోను వాడటం వచ్చేసిందనుకున్నాను. నాలుగు మాటలన్నందుకు పట్టుదల పెరిగింది, మంచిదే అనుకున్నాను కూడా. నీలం డైరీ టీవీ స్టాండు మీద కనిపించడం మానేసింది. అది నేను గమనించనే లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం బండి ఇన్సూరెన్స్ కాగితం ప్రింటు కావాల్సి వచ్చింది. మా గల్లీ చివర జిరాక్సు, ఆన్‌లైన్ పనులు చేసే దుకాణానికి వెళ్ళాను. క్లాసు నుంచి నేరుగా రావడంతో మెడలో ఇన్‌స్టిట్యూట్ ఐడీ కార్డు అలాగే ఉంది. ఒక చిన్న కౌంటరు, పాత విండోస్ 7 సిస్టమ్, తెరంతా ఐకాన్లు. లోపల పాతికేళ్ళు కూడా లేని పిల్లవాడు రెండే వేళ్ళతో టైపు చేస్తున్నాడు. నా ఫైలు తెరిచి, ప్రింటు ఎక్కడుందో మెనూలో మౌసుతో వెతుకుతున్నాడు.

ఆగలేకపోయాను. "కంట్రోల్ పీ కొట్టు. దుకాణం పెట్టుకోని షార్ట్‌కట్లు గూడ తెల్వకపోతే ఎట్ల?"

పిల్లవాడు తలెత్తి నా మెడలో కార్డు చూశాడు. ముఖం విప్పారింది. "కంప్యూటర్ సారా మీరు? నిజంగ తెల్వది సార్. ఇంక ఏమేం ఉన్నయో చెప్పుండ్రి, రాసుకుంట." కౌంటరు కింద చేతికందిన పుస్తకం పైకి తీశాడు. తీసి, "అయ్యో, ఇది నాది గాదు" అని పక్కన పెట్టాడు.

నీలం అట్ట.

పెట్టిన ఊపుకు నడిమి పేజీ తెరుచుకుంది. ఆ అంకెలు నాకు తెలుసు. తలకట్టు పక్కకు లాగి రాసే ఆ అక్షరాలూ తెలుసు. 1. ఆధార్ నంబరు. 2. ఫోన్ నంబరు. 3. పీపీఓ నంబరు. అక్కడిదాకా నల్ల సిరా. ఆ రోజు ఖాళీగా వదిలేసిన నాలుగో అంకె పక్కన ఇప్పుడు నీలం సిరాతో ఉంది. 4. ఓటీపీ అంటే ఒక్కసారికి పనికొచ్చే తాళంచెవి. ఎవ్వరికీ చెప్పొద్దు. ఆరు అంకెలు. టైము ఉంటది, తొందర పడొద్దు. 5. వేలు తలకు ఒకసారి రాసుకోవాలె. తల నూనె అంటితే ముద్ర పడుతది. మెల్లగ ఆనియ్యాలె, ఒత్తొద్దు.

తర్వాత పేజీలో కరెంటు బిల్లు. ఆ తర్వాతది గ్యాసు. దాని తర్వాత బస్సు టికెట్టు.

"ఎవరిదిది?" అన్నాను.

"ఓ పెద్దాయనది సార్. ఆర్టీసీల మెకానిక్ చేసిండట. నవంబరుల వచ్చిండు లైఫ్ సర్టిఫికెట్ కోసం, వేలు పడక. అప్పటిసంది వారానికి రెండు మూడు సార్లొస్తడు. నేను చేస్తుంటే పక్కన కూసోని రాసుకుంటడు. బుక్కు ఇంటికి తీస్కపోడు, ఈడనే ఉంచుమంటడు. మంచి మనిషి సార్. మా జిరాక్సు మిషను మొరాయిస్తే రెండుసార్లు ఆయననే బాగుజేసిండు."

ప్రింటరు నా కాగితం బయటికి తోసింది. నేను తీసుకోలేదు. నా గురించి ఆయన ఇక్కడ ఏం చెప్పుకున్నాడో వినకుండా ఆ దుకాణం మెట్లు దిగలేననిపించింది.

"ఆయనకు పిల్లలు లేరా?"

"ఎందుకు లేరు సార్, ఒక్కడే కొడుకట. నేనూ అదే అడిగిన, ఇంట్ల ఎవరూ చేసిపెట్టరా పెద్దాయనా అని." పిల్లవాడు డైరీ మూసి, అట్ట మీద దుమ్ము అరచేత్తో తుడిచి, కౌంటరు కింద జాగ్రత్తగా పెట్టాడు. "పాపం, కొడుక్కు కంప్యూటర్ రాదట. మీరు క్లాసులు చెప్తరు గద సార్, జర ఫీజు తగ్గించి ఆ కొడుకును చేర్చుకోరాదుండ్రి?"