చప్పుడున్న రేవు కావాలె

భీవండి పద్మనగర్‌లో పుట్టిన పిల్లలకు జోలపాటలతో పని లేదు. కింద కార్ఖానా, పైన కాపురం. కింద సాంచెలు, అంటే మరమగ్గాలు, రెండు షిఫ్టులూ కొట్టుకుంటుంటే పైన మంచం కోళ్లు సన్నగా వణుకుతుంటాయి, మేకుకు వేలాడే మార్కండేయుడి పటం గోడకు తగిలి టకటకలాడుతుంటుంది. ఆ చప్పుడులోనే పిల్లలు పడుకుంటారు. కరెంటు పోతే ఫ్యాను ఆగిందని పెద్దవాళ్లు లేస్తారు, సాంచె ఆగిందని పిల్లలు లేస్తారు. సాంచెల మరమ్మతు చూసే మా జాబర్, అవి ఆగిపోతే ముందు మీటరు దగ్గరికి పోడు, చెవి పెట్టి వింటాడు. గల్లీ పిల్లలందరూ ఏడుస్తుంటే కరెంటు పోయినట్టు. మావాడొక్కడే ఏడుస్తుంటే మా మోటరు కాలినట్టు.

ఇలాంటి పిల్లలను ఇద్దరిని వెంటేసుకుని బొంబాయిలో ఓడ ఎక్కి గోవా పోవాలని మా బావ సిరిసిల్లలో కూర్చుని నిర్ణయించాడు. ఇద్దరంటే రెండేళ్ల మా చిన్నోడు, మూడు నిండని బావ కూతురు బుజ్జి. సిరిసిల్ల కూడా సాంచెల ఊరే కాబట్టి బుజ్జి చెవులకూ మావాడి చెవులకూ తేడా లేదు.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. తెలంగాణలో మా తాతలకు తెలిసిన దూరప్రయాణాలు ఈ మూడే. మూడు చోట్లకూ కూలికి పోయారు గానీ షికారుకు పోలేదు. అందుకే నాన్నకు ఈ సంగతి ఎక్కలేదు. "పైసలిచ్చి నీళ్ల మీద తిరుగుడేందిరా? తిరిగి మల్ల బొంబాయికే వచ్చుడాయె!" బావ ఓపికగా ఓడ పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. పేరు ఎంప్రెస్, 1990లో ఫ్రాన్స్‌లో కట్టారు, చాలా ఏళ్లు రాయల్ కరీబియన్ వాళ్ల దగ్గర నడిచింది, 2021లో కోర్డెలియా వాళ్ల పేరు మీద బొంబాయి నుంచి తిరగడం మొదలుపెట్టింది, గోవా, కొచ్చి, లక్షద్వీప్ పోతుంది.

"సెకండ్ హ్యాండా?" అన్నాడు నాన్న, మంచం మీద లేచి కూర్చుని.

భీవండి మనిషికి కొత్త మిషను మీద నమ్మకం ఉండదు. బొంబాయి మిల్లులు తీసిపారేసిన సాంచెలను తూకానికి కొనుక్కొచ్చి నడిపిన ఊరు ఇది. 1982లో దత్తా సామంత్ సమ్మెతో మిల్లులు ఆగిపోయినప్పుడు ఆ బట్ట పని చాలావరకు ఇటు మళ్లింది, ఆ పాత ఇనుమే వేల ఇళ్లకు అన్నం పెట్టింది. నాన్న కాసేపు లెక్క వేసుకున్నాడు. "1990 మోడలంటే ఇంకా పిల్లే. మన కార్ఖానల అంతకంటే పెద్దోళ్లున్నరు. పోండ్రి."

ఇక దిగి చూసే చోట్లు. ఓడ పొద్దున మర్మగోవా రేవులో ఆగుతుంది, జనం దిగి ఊరు చూసి, చెప్పిన టైముకు తిరిగి ఎక్కాలి. దీన్ని షోర్ ఎక్స్‌కర్షన్ అంటారు. ఓడవాళ్ల టూరులోనే పోతే ఆలస్యమైనా మామూలుగా ఓడ చూస్తుంది. సొంత టాక్సీలో పోతే చూడదు, రేవు మీద మనం, నీళ్ల మీద మన సూట్‌కేసులు. అమ్మకు ఇది దారుణంగా అనిపించింది. "సిరిసిల్ల బస్సు డ్రైవరైనా దిగినోళ్లందరు ఎక్కిండ్రా అని ఎనకకు మర్రి సూస్తడు. గంత పెద్ద ఓడ నడిపెటోనికి గా మాత్రం తెల్వదా?"

బావ ప్లాను గళ్ల కాగితం మీద ఉంది. పొద్దున ఓల్డ్ గోవాలో 1605 నాటి బామ్ జీసస్ చర్చి, దాని ఎదురుగా సే కెథెడ్రల్, పణజిలో భోజనం, అగ్వాద కోట, కలంగూట్ బీచ్, సాయంత్రం ఓడ. టూరు తలకు ఎంతో ఆయన పిక్కుల్లోకి, అంటే నేసే పోగుల లెక్కలోకి, మార్చి పెట్టాడు, అన్ని పిక్కులు నేయాలంటే సాంచె ఎన్నాళ్లు నడవాలో కూడా పక్కనే రాశాడు. మా ఇంటామె కాగితం మొత్తం చదివి ఒకే మాట అడిగింది: "ఇండ్ల పిల్లలెక్కడున్నరు?"

నిజమే. కాగితంలో వాళ్లకు చోటు లేదు. రెండేళ్లవాడి రోజులో లేవడం, తినడం, తిన్నది బట్టలకు పూసుకోవడం, కడిగించుకోవడం, అలగడం, పడుకోవడం పోగా ఊరు చూడటానికి మిగిలేది గంటో గంటన్నరో. మర్మగోవా నుంచి ఓల్డ్ గోవా పోయి రావడానికే అది చాలదు. పైగా ఆ గంటన్నర ఎప్పుడొస్తుందో వాడికి కూడా తెలియదు.

మధ్యలో డైపర్ల చర్చ వచ్చింది. ఎన్ని ప్యాకెట్లు కావాలో అక్క వేళ్ల మీద లెక్కపెడుతుంటే అమ్మ కార్ఖానాలోకి దిగి అర తాను కోరా బట్ట భుజాన వేసుకొచ్చింది. "ఇంట్ల తానులకు తానులు మూలుగుతుంటే గా ప్లాస్టిక్ లాగులు కొంటరా?" ఓడలో ఉతకడం కుదరదని, ఆరేయడానికి దండెం ఉండదని, డైపర్‌తో ఉన్న పిల్లలను చాలా ఓడల్లో ఈతకొలనులోకే దిగనివ్వరని బావ చెప్పి చూశాడు. "కోరా కడితె దిగనిస్తరా?" అంది అమ్మ. బావ దగ్గర దానికి జవాబు లేదు. రెండూ సర్దుకున్నాం.

ఇక వాదన తెగక, ముందు శాంపిల్ తీద్దామంది మా ఇంటామె. కొత్త భీము ఎక్కించినప్పుడు ఇంత ముక్క నేసి సేఠ్‌కు చూపించాకే కదా తాను మొదలుపెడతాం. ఓడ ఎక్కి, దిగి, చూసి, మళ్లీ ఎక్కడం అనే నాలుగు పనులూ ఒక్క పూటలో అయ్యే చోటు దగ్గర్లో ఒకటే ఉంది, ఎలిఫెంటా. సోమవారం మూత కాబట్టి ఆదివారం బయల్దేరాం. కశేళి వంతెన మీద గోడౌన్ల లారీల వెనుక నిలబడ్డ సేపట్లో పడవ ఎలిఫెంటాకు పోయి వచ్చి ఉండేది.

గేట్‌వే దగ్గర చెక్క పడవ ఎక్కాం. డీజిల్ ఇంజన్ డగడగ మొదలైంది, బల్లలు వణికాయి. తాజ్ హోటల్ ఇంకా పూర్తిగా కనిపిస్తుండగానే ఇద్దరూ నిద్రపోయారు. దాదాపు గంట ప్రయాణం. ఆ గంటలో నేనూ మా ఇంటామె మధ్యలో ఎవరూ దూరకుండా ఒక మాట మొదలుపెట్టి పూర్తి చేశాం. అటు జెట్టీ దగ్గర ఇంజన్ ఆగింది. ఇద్దరూ ఒకేసారి కళ్లు తెరిచారు, ఒకేసారి నోళ్లు తెరిచారు.

జెట్టీ మీది బొమ్మరైలు ఎక్కిస్తే ఏడుపు తగ్గింది, దిగితే పెరిగింది. నూట ఇరవై మెట్లు ఎక్కేసరికి కోతి వచ్చి బుజ్జి చేతిలో బిస్కట్ ప్యాకెట్ లాక్కుపోయింది. గుహలో 20 అడుగుల సదాశివుడు మూడు ముఖాలతో కళ్లు మూసుకుని ఉన్నాడు. 1987లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన ఆ గొప్ప నిశ్శబ్దంలో మా పిల్లల గొంతులు ప్రతి స్తంభానికీ తగిలి తిరిగొచ్చాయి. దానికి తోడు ఏనుగులు చూపిస్తానని బావ బుజ్జికి మాటిచ్చి ఉన్నాడు. పోర్చుగీసువాళ్లు ఈ దీవికి ఏ రాతి ఏనుగును చూసి ఆ పేరు పెట్టారో అది ఇప్పుడు ఇక్కడ లేదు. 1864లో దాన్ని ఇంగ్లండ్ పంపుదామని క్రేన్‌తో లేపబోతే ముక్కలైంది. తర్వాత అతికించిన ఆ ఏనుగు ఇప్పుడు బైకుల్లా రాణీబాగ్‌లో, భావ్ దాజీ లాడ్ మ్యూజియం పక్కన ఉంది. ఇదంతా బావ మూడేళ్లు నిండని పిల్లకు వివరించబోయాడు. అమ్మ మాత్రం ఓడ ఎక్కబోయి ముక్కలైన ఏనుగు కథ విని కొంగు బిగించుకుంది.

తిరుగు పడవలో ఇంజన్ మొదలవగానే ఇద్దరూ మళ్లీ పడుకున్నారు. అప్పుడు మా ఇంటామె బావ దగ్గర కాగితం తీసుకుని వెనక్కి తిప్పింది. "అన్నా, వీళ్లకు చర్చిలు, కోటలు వద్దు. మోటరు యాడుంటదో రాయి."

కొత్త ప్లాను ఆ సూత్రం మీదే తయారైంది. ఇంజన్ రొద ఉంటుందని అందరూ వద్దనే కింది అంతస్తులో, కిటికీ లేని గదులు అడిగి మరీ తీసుకున్నాం. అవే చవక. రాత్రంతా గోడలు గుంయ్‌మంటుంటే పిల్లలతోపాటు నాన్నకు కూడా ఇల్లు గుర్తొచ్చి హాయిగా గురకపెట్టాడు. పై అంతస్తు బాల్కనీ గదుల పిల్లల తల్లులు మర్నాడు కళ్లు ఎర్రగా చేసుకుని లిఫ్టులో కనిపించారు. అక్క వాళ్లను చూసి జాలిపడింది, కాస్త ఎక్కువగానే.

మర్మగోవాలో దిగి ఓల్డ్ గోవా వైపు కాకుండా బోగ్మాలో ఊరి దారి పట్టాం. అక్కడ 1998లో తెరిచిన నేవీ విమానాల మ్యూజియం ఉంది, దబోలిం విమానాశ్రయం దాని పక్కనే. ఆరుబయట నిలబెట్టిన పాత విమానాల్లో సూపర్ కాన్‌స్టెలేషన్ అనే నాలుగింజన్ల పెద్దది ఒకటి ఉంది. నాన్న దాని చుట్టూ తిరిగి ప్రతి రివెట్టూ తడిమి చూశాడు. పిల్లలు కాసేపు రెక్కల నీడల కింద పరుగులు తీశారు. ఇంతలో ఒక విమానం నెత్తి మీదుగా రన్‌వే మీదికి దిగింది, దాని వెనకాలే ఇంకొకటి. చిన్నోడు నా భుజం మీద, బుజ్జి బావ భుజం మీద వాలిపోయారు.

ఇక కదలడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. టాక్సీ అతను మీటరు ఆపకుండా బయట నిద్రపోయాడు. బావ గడియారం చూసుకుంటూ, మెడ తిప్పకుండా, పెదవులతోనే "బామ్ జీసస్" అన్నాడు. "నాలుగు నూర్లేండ్ల సంది ఆడనే ఉన్నది, ఎటు పోతది?" అంది అమ్మ. అందరం ఉన్న బోర్డులన్నీ చదివాం, అయిపోతే మళ్లీ చదివాం. సీ కింగ్ హెలికాప్టర్ గురించి మా అక్క ఇప్పటికీ ఏ పెళ్లిలో కూర్చున్నా అరగంట మాట్లాడగలదు.

ఓడ టైముకే ఎక్కాం.

వచ్చే ఏడు లక్షద్వీప్ అంటున్నాడు బావ. అక్కడ ఓడ దూరంగా సముద్రంలోనే ఆగుతుందట, చిన్న పడవల్లో దింపుతారట, మనవాళ్లయినా పర్మిట్ తీసుకోవాలట, తెల్లటి ఇసుక, పగడపు దిబ్బలు, గాలి తప్ప చప్పుడే ఉండదట. అదంతా వింటుంటే మా ఇంటామె ముఖం వాడిపోయింది. అప్పుడే నాన్న పేపర్లో ఎక్కడో చదివింది చెప్పాడు, ఆ దీవుల్లో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్లతోనే వస్తుందని. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"గా పవర్‌హౌస్ పక్కపొంటి చెట్టు నీడ ఉంటదేమో మీ బావను అడుగుమను. ఉంటె పోదాం."

బావ ఇప్పుడు అది కనుక్కునే పనిలో ఉన్నాడు.