సగం పోయింది మామా

80 టన్నుల వ్యాగన్ ఒకటి సెకనుకు ఒక మీటరు వేగంతో వచ్చి, ఆగి ఉన్న మరో 80 టన్నుల వ్యాగన్‌కు తగిలి, రెండూ అతుక్కుని కదిలాయి. ఉమ్మడి వేగమెంత?

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లల్లో ఈ ప్రశ్న గురించి వేరే చెప్పక్కర్లేదు. మా చెల్లె కొడుకు దీన్ని పొద్దున లేచి ఒకసారి, రాత్రి అన్నం తిన్నాక ఒకసారి గొంతెత్తి చదువుతున్నాడు, వ్యాగన్లకు చెవుడున్నట్టు. ఇట్లా తగిలి అతుక్కుపోవడాన్ని పుస్తకం సంపూర్ణ అస్థితిస్థాపక అభిఘాతం అంటుంది. ఆ పేరు పలికేలోపు వ్యాగన్లు బల్లార్షా దాటిపోతాయి. లెక్క మాత్రం సులువే. ముందెంత ద్రవ్యవేగం ఉందో తర్వాతా అంతే ఉండాలి. కదిలే బరువు రెట్టింపైంది కాబట్టి వేగం సగమైంది. సెకనుకు అర మీటరు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. దాని కిందే ఇంకోటి: గతిశక్తి నష్టమెంత? ముందు 40,000 జౌళ్లు, తర్వాత 20,000.

"సగం పోయింది మామా" అని పుస్తకం మూసేస్తాడు.

"ఎటు పోయిందిరా?"

"చప్పుడు, వేడి, ఇంకా ఏందో ఉంది మామా."

ఆ ఇంకా ఏందో మా ఇల్లు.

మేముండేది కాజీపేట-బల్లార్షా లైను పక్కన. సింగరేణి బొగ్గు మోసే బండంటే అటూ ఇటూగా 58 వ్యాగన్లు. రాత్రి రెండు దాటాక ఇంజిన్ వెనక్కి వచ్చి బండికి తగులుకుంటుంది. ఒక్క దెబ్బయితే మనిషి తట్టుకుంటాడు. కానీ వ్యాగన్‌కూ వ్యాగన్‌కూ మధ్య కొక్కేల్లో కాస్త వదులుంటుంది. అందుకని మొదటిది రెండోదానికి, రెండోది మూడోదానికి చెప్పుకుంటూ పోతుంది: ధన్, ధన్, ధన్... చివరి వ్యాగన్ దాకా. మా వంటింట్లో పెద్ద గంజు మీది సత్తు మూత దానికి తాళం వేస్తుంది.

దీన్ని నష్టమంటారట! 20,000 జౌళ్లంటే 50 కిలోల బియ్యం బస్తాను 40 మీటర్ల ఎత్తుకు ఎక్కించినంత పని. అందులో చాలా మటుకు కొక్కేల వెనకుండే డ్రాఫ్ట్ గేరే మింగి వేడి చేసుకుంటుందని, చప్పుడయ్యేది కొంచెమేనని అల్లుడే చెప్పాడు. ఆ కొంచెమే ఇట్లుంది.

ఇంజిన్ లెక్క మరీ అన్యాయం. 123 టన్నుల ఇంజిన్ పోయి 4,700 టన్నుల నిండు బండికి తగులుకుందనుకోండి. వదులు సంగతి వదిలేసి బండంతా ఒకటే ముద్ద అనుకుంటే, గతిశక్తిలో నూటికి 97 పాళ్లు గోవిందా. చిన్నది పోయి పెద్దదానికి అతుక్కుంటే మిగిలేది చప్పుడే. ఎన్నికల ముందు కండువా మార్చుకునేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

1668లో లండన్ రాయల్ సొసైటీ ఈ ఢీకొనే వ్యవహారం తేల్చమని అడిగితే ముగ్గురు రాసి పంపారు. రెన్, హైగెన్స్ తగిలి వెనక్కి ఎగిరేవాటి గురించి రాస్తే, జాన్ వాలిస్ మాత్రం తగిలి అతుక్కుపోయేవాటిని పట్టుకున్నాడు. అప్పటికింకా రైళ్లు లేవు. అందుకే అంత ప్రశాంతంగా రాయగలిగాడు.

ఇంతకన్నా నాకు ఒళ్లుమండేది ఇంకోటుంది. లెక్క ఏదైనా చివర్లో ఒక వాక్యం తగిలిస్తారు: తలం నునుపైనదిగా భావించుము. ఎక్కడుంది నునుపైన తలం? మా చుట్టుపక్కల నేను వెతకని దారి లేదు. వానకాలంలో అడవి దారులు పట్టి వెతకడం దండగ. ఆఖరికి దొరికింది కరీంనగర్ గుట్టల్లో. అక్కడి గోధుమరంగు గ్రానైట్‌కు టాన్ బ్రౌన్ అని దేశదేశాల్లో పేరు. గుట్టను కోసి, దిమ్మెలు చేసి, రైలెక్కించి కాకినాడ రేవుకు పంపితే, అక్కడ ఓడెక్కి చైనా దాకా పోయి నునుపు తేలుతుంది. అంటే నునుపైన తలం మాదే, పరిచేది మాత్రం ఎవరి వంటింట్లోనో. మా వాటాకు వచ్చింది గుట్ట స్థానంలో గుంత, పుష్కలంగా ఘర్షణ.

మా ఎదురింటాయన పట్టుబట్టి ఆ రాయినే కొత్తింటికి, వాకిట్లో మెట్లతో సహా, వేయించాడు. గృహప్రవేశం నాడు చిరుజల్లు పడింది. మొదట జారింది పంతులుగారు. ఆయన 90 కిలోలు తగ్గరు. జారుతూ జారుతూ, వీడియో తీస్తూ నిలబడ్డ పిల్లగాణ్ణి వాటేసుకున్నారు. వాడు ఉంటే 45 ఉంటాడు. ఇద్దరూ కలిసి, కెమెరా ఆన్‌లోనే ఉండగా, ఒకే వేగంతో తులసికోట దాకా ప్రయాణం చేశారు. అందరం లేపడానికి ఉరికాం. మా అల్లుడు మాత్రం నిలబడ్డచోటే వేళ్లు మడుస్తున్నాడు. "మూడింట రెండొంతుల వేగం మిగిలింది మామా, పుస్తకంల ఉన్నట్టే!" పంతులుగారు వాడివంక చూసిన చూపు ఏ పుస్తకంలోనూ లేదు.

ఘర్షణతో పాటు ఆ వ్యాగన్ల లెక్క ఇంకొకర్ని కూడా వదిలేస్తుంది. రెండు వ్యాగన్ల మధ్యలో మనిషి ఉండడు.

మా పెద్దబాపు ఉండేవాడు. అప్పటి వ్యాగన్ల కొక్కేలు వాటంతటవి పట్టుకునేవి కావు. మనిషి బఫర్ల కిందుగా వంగి మధ్యలోకి దూరి, బరువైన లంకెను ఎత్తి కొక్కేనికి తగిలించి, మర బిగించాలి. ఆయన బడికి పోలేదు. వచ్చే వ్యాగన్ నిండుదో ఖాళీదో పట్టాల చప్పుడు విని చెప్పేవాడు. ఇంట్లో కూర్చుని అన్నం తింటున్నా సరే, ఎవరన్నా వెనక నుంచి దగ్గరికొస్తే తిరిగి చూడకుండానే పక్కకు జరిగేవాడు. మేం పిల్లలం అదో ఆటనుకుని, కావాలనే వెనక నుంచి ఉరికేవాళ్లం. ఒక్కసారి కూడా తిట్టలేదు.

ఇప్పటి కొక్కేలు తగలగానే పట్టుకుంటాయి. గాలి గొట్టాలు కలపడానికి మాత్రం ఇంకా మనిషే మధ్యలోకి పోవాలి. ఇదంతా అల్లుడికి చెప్పబోతే "అది సిలబస్‌ల లేదు మామా" అన్నాడు. తెల్లారితే పరీక్షట. చప్పుడు చేయొద్దని నాకు చెప్పి దుప్పటి ముసుగేసుకున్నాడు.